గీత లేని పద్దు

మా తండ్రిగారు ఆదోనిలో ఒక పత్తి కమీషన్ దుకాణమున గుమాస్తాగా చిరకాలము లెక్కలు వ్రాసిరి. వారి పద్దుపుస్తకములు కొన్ని ఇప్పటికిని మా యింటి అటకమీద నున్నవి. వానిని దింపి విప్పినపుడెల్ల నా దృష్టి మొదట అంకెలమీద గాక, ఆ అంకెల నడుమ నిలువుగా సాగిన సన్నని ఎర్ర గీతలమీద నిలుచును. రూపాయలకొక గడి, అణాలకొక గడి, పైసలకొక గడి. తూనికల పుటలో బారువులకు, మణుగులకు, వీసెలకు వేర్వేరు గడులు. పదునైదు అణాలకు రెండణాలు కలిసినపుడు పదునేడని వ్రాయక, ఒక రూపాయిని గీత దాటించి ఎడమ గడిలో చేర్చి, కుడి గడిలో ఒక్క అణా మాత్రమే నిలుపుట ఆనాడు పదేండ్ల బాలునికి సైతము తెలిసిన విద్య. ఎనిమిది వీసెలు నిండగానే మణుగు, ఇరువది మణుగులు నిండగానే బారువు. గీత ఎక్కడ నున్నదో, దానిని దాటుటకు ఎంత నిండవలయునో తెలిసినవానికి లెక్క తప్పెడిది కాదు.

1957 ఏప్రిల్ 1 న దశాంశ నాణెములు వచ్చెను. పిమ్మట మెట్రిక్ తూనికలు వచ్చెను. గీతలతో పని తీరెను. కాని మన నిత్యజీవనమున దశాంశమునకు లొంగని లెక్క యొకటి మిగిలియే యున్నది. అది కాలము. అరువది నిమిషములకు గంట, ఇరువదినాలుగు గంటలకు దినము, ఇరువదియెనిమిదికో ముప్పదియొకటికో మాసము. ఈ లెక్కకు గీత ఇప్పటికిని కావలయును. వ్యాపారపు కంప్యూటరు భాషలలో అంకెలున్నవి; గీతలు మాత్రము లేవు. ఈ అధ్యాయము ఆ లేని గీతలను గూర్చినది.

పత్తి, వేరుసెనగ, ఆముదాలు బండ్లకొలది దిగు మార్కెట్ యార్డు నీడలో పెరిగిన మా ఆదోని పిల్లలకు ధర యనునది పుట్టుకతో పరిచితమైన వస్తువు. తాతలు లాటులో చేయి పెట్టి పింజ పొడవును వ్రేళ్ళతో అంచనా వేసిరి. మనుమలు ఇప్పుడు తెరమీద క్యాండిళ్ళను, అనగా ఒక్కొక్క కాలఖండపు ధరలను చూపు గుర్తులను, చూచుచు, ఎప్పుడు కొనవలెనో ఎప్పుడు అమ్మవలెనో నియమములుగా వ్రాసి యంత్రమునకు అప్పగించుచున్నారు. ఇట్టి యత్నమును నేను నిరుత్సాహపరుపను. అయినను, 2022 నుండి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరములలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారము చేసిన వ్యక్తులలో నూటికి తొంబదిముగ్గురు నష్టపోయిరని సెబీ అధ్యయనమే చెప్పియుండగా, ధరను గూర్చిన ఊహ తప్పుట యొక యెత్తు, గడియారమును తప్పుగా చదువుట మరియొక యెత్తు అని మాత్రము చెప్పవలసియున్నది. మొదటిదానిని ఎవ్వరును పూర్తిగా తప్పించుకొనలేరు. రెండవదానిని ఎవరైనను తప్పించుకొనవచ్చును.

మా తమ్ముని కుమారుడు ఇంజనీరింగు ముగించి వచ్చి, ఆరు నెలలు శ్రమపడి ఒక నియమము వ్రాసికొనెను. ఐదు నిమిషముల క్యాండిల్‌పై సంకేతము రాగానే కొనుట, పది నిమిషములు గడువగానే అమ్ముట. రెండు వారములు సక్రమముగా నడచినది. ఒకనాడు సాయంకాలము ముఖము వాడి మా యింటికి వచ్చి, “పెదనాయనా, లెక్క సరిగ్గానే ఉండాది. కొనింది, అమ్మలేదు. పొద్దుగూకే దాకా అట్లే పెట్టుకోని కూచుండాది” అనెను. పదునొకండువేల రూపాయలు పోయినవి. ఆ రాత్రి అతని కోడ్‌ను పంక్తి పంక్తిగా చదివితిమి. ఎక్కడను దోషము కానరాలేదు. కడకు నేను, “ఇది ఏ వేళకు కొన్నదిరా?” అని యడిగితిని. “తొమ్మిదీ యాభై ఐదుకు.” “దానికి పది కలుపు.” అతడు కాగితముపై 955 వ్రాసి, దానిక్రింద 10 వ్రాసి, కూడి, 965 అని వ్రాసి, ఆ అంకెను చూచుచు చాలసేపు మాటాడక యుండెను.

తొమ్మిది గంటల అరువదియైదు నిమిషములు ఏ గడియారములోను రాదు. వేళ 965 అగునప్పుడు అమ్ముమని చెప్పబడిన యంత్రము, రాని వేళకై దినమంతయు విశ్వాసముతో వేచియున్నది. ఈ దోషము దాగియున్న విధమును గమనింపుడు. గంటలో ఐదు నిమిషముల అంచులు పండ్రెండు. వానిలో ఏబది, ఏబదియైదు అను రెండింటికి మాత్రమే పది కలిపినపుడు గీత దాటవలసి వచ్చును. తక్కిన పదింటిలో లెక్క నిర్దుష్టముగా వచ్చును. పదిసార్లు సరిగా వచ్చినదానిని పదునొకండవసారి శంకించువారు అరుదు. కావున నియమము సరియైనదా యని పరీక్షించునపుడు మధ్యవేళలను గాక అంచులనే ఎన్నుకొనవలయును: గంట మారుచోట, దినము మారుచోట, మాసము మారుచోట, సంవత్సరము మారుచోట.

ట్రేడ్‌స్టేషన్ వారి ఈజీలాంగ్వేజ్‌లో వేళ గంటలు, నిమిషములు కలిపి వ్రాసిన ఒకే యంకె; మన దేశమున మిక్కిలి వాడుకలోనున్న ఆమిబ్రోకర్ భాషయగు ఏఎఫ్ఎల్‌లో టైమ్‌నమ్ అనునది దానికి సెకండ్లు కూడ చేర్చిన యంకె, అనగా అదే వేళ అచ్చట 95500. పోల్చుటకు ఇట్టి యంకె సుకరము; ఏది ముందు, ఏది వెనుక అని వెంటనే తెలియును. కూడుటకు, తీసివేయుటకు మాత్రము పనికిరాదు. 955 అనునది తొమ్మిదివందల ఏబదియైదు కాదు; గీత చెరిపివేయబడిన రెండు గడులు. కూడవలసినపుడు మొదట గీతను తిరిగి గీయవలయును: నూటితో భాగించి వచ్చిన తొమ్మిదిని అరువదితో హెచ్చించి, మిగిలిన ఏబదియైదును కలిపినచో 595 నిమిషములు, దానికి పది చేర్చిన 605, దానిని మరల గంటలు, నిమిషములుగా విడదీసిన 1005. ఈజీలాంగ్వేజ్‌లో ఈ పనికి టైమ్‌టుమినిట్స్, క్యాల్క్‌టైమ్ అను సిద్ధసాధనములు కలవు. ఏఎఫ్ఎల్‌లో గంటను, నిమిషమును వేర్వేరుగా ఇచ్చు పదములు కలవు. వానితో ఈ లెక్కను మనమే కట్టుకొనవచ్చును.

తేదీలో ఇంతకంటె విచిత్రమైన సంగతి యున్నది. ఈ రెండు భాషలలోను 2025 అక్టోబరు 21 అనునది 1251021 అని కనబడును. గీతలు గీసి చూడుడు: 125, 10, 21. సంవత్సరమునుండి 1900 తీసివేసి మిగిలినది మాత్రమే వ్రాయుట అచ్చటి సంప్రదాయము. ఇది చూచి మొదటిసారి విస్తుపోవు యువకులు తమ తాతల అడంగలు కాగితములను తీసి చూచినచో ఆశ్చర్యము తీరును. అందు 2025 జులైతో మొదలగు సంవత్సరము 1435 ఫసలీ యని యుండును. 590 కలిపినగాని మనకు తెలిసిన సంవత్సరము రాదు. శాలివాహన శకమునకు 78 కలుపుదుము. ప్రతి లెక్కకును ఒక మొదలున్నది. ఆ మొదలేదో అడుగకుండ అంకెను చదువరాదని మన పల్లెల కరణములకు తెలిసియుండెను. కంప్యూటరు ముందర కూర్చుండినంతమాత్రమున ఆ జాగ్రత్తను మనము ఏల విడువవలెను?

1900 తీసివేయుటలో ఒక యుక్తియు లేకపోలేదు. 1999 డిసెంబరు 31 న 991231 గా నున్న యంకె మరునాడు 1000101 అయినది. రెండంకెల సంవత్సరము సున్నకు పడిపోయి క్రమము తారుమారు కాకుండ ఒక స్థానము పెరిగి నిలిచినది. క్రమము నిలిచినది గాని దూరము నిలువలేదు. ఒక్క రాత్రి యెడముగల ఆ రెండంకెల భేదము 8870. అట్లే 2024 ఫిబ్రవరి 29 కిని మార్చి 1 కిని నడుమ భేదము 72. “కొని ఐదు దినములు గడచినచో అమ్ముము” అను నియమమును తేదీల తీసివేతతో వ్రాసినవాడు, మాసము మధ్యలో నున్నంతకాలము సుఖముగా నుండి, మాసాంతమున మరునాడే అమ్మివేయును. దినములను వరుసగా లెక్కించు జూలియన్ సంఖ్యగా మార్చుకొన్న పిమ్మటనే తీసివేత చేయవలయును. దుకాణపు లెక్కలు ఎక్సెల్‌లో వ్రాయువారు అందును ఒక వింత యున్నదని యెరుగవలెను: లీపు సంవత్సరము కాని 1900 కు అది ఫిబ్రవరి 29 ని చేర్చుకొన్నది. పూర్వపు లోటస్ 1-2-3 లోని పొరపాటును పొత్తుకొరకు అట్లే నిలుపుకొన్నది.

వారముల సంగతి క్లుప్తముగా చెప్పెదను. 3 అను అంకె పైథాన్‌లో గురువారము, ఈజీలాంగ్వేజ్‌లోను ఏఎఫ్ఎల్‌లోను బుధవారము, మరియొక వ్యాపారభాషయగు పైన్ స్క్రిప్ట్‌లో మంగళవారము. ఒక భాషనుండి మరియొక భాషకు కోడ్ మార్చుకొనువారు ఈ వాక్యమును గోడపై వ్రాసికొనవచ్చును. మరియు వారమును కోడ్‌లో శాశ్వతముగా పాతుకొనరాదు. నిఫ్టీ వారపు ఎక్స్‌పైరీ యేండ్లతరబడి గురువారమున నుండి, 2025 సెప్టెంబరునుండి మంగళవారమునకు మారినది.

ఇక అన్నిటికంటె సూక్ష్మమైనది, అందుచేతనే అన్నిటికంటె ప్రమాదకరమైనది, క్యాండిల్‌కు పేరు పెట్టుట. పంచాంగమున దినమునకు సూర్యోదయవేళ నున్న తిథియే పేరగును. ఆ తిథి మధ్యాహ్నమునకే ముగిసి మరియొకటి ప్రవేశించినను, సంకల్పములో నేటి తిథి యనిన ఉదయ తిథియే. అనగా కాలఖండమునకు దాని మొదలే పేరు. ఈజీలాంగ్వేజ్ ఆచారము దీనికి విపరీతము. అచ్చట కాలఖండము ఏ వేళకు ముగియునో ఆ వేళయే దాని పేరు. మన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో 9 గంటల 15 నిమిషములకు మొదలై 9 గంటల 20 నిమిషములకు ముగియు తొలి క్యాండిల్ ఈజీలాంగ్వేజ్ ఆచారమున 920. పైన్ స్క్రిప్ట్‌లో దాని ప్రారంభవేళయే పేరు, అనగా 9-15. ఆమిబ్రోకర్‌లో మొదలా తుదియా అనునది వాడువాని యిష్టము. ఆ యిష్టము అమరికల పుటలో ఒక మూల దాగియుండును.

దీనివలన కలుగు హాని యేమి? ఒకచోటినుండి మొదలు పేర్లుగల ధరలను తెచ్చి, తుది పేర్లను ఆశించు నియమమునకు ఇచ్చితిమనుకొనుడు. 9-15 అను చీటీ కట్టిన క్యాండిల్‌లోని ముగింపు ధర నిజమునకు 9-20 కి గాని పుట్టలేదు. కాని నియమము దానిని 9-15 కే తెలిసినదానివలె వాడుకొనును. గత ధరలపై జరుపు పరీక్షయగు బ్యాక్‌టెస్ట్‌లో ప్రతి నిర్ణయమును ఐదు నిమిషముల భవిష్యత్తును చూచి తీసికొన్నదే యగును. కాగితముమీద లాభములు పండును. నిజపు సొమ్ముతో దిగిన మొదటి వారముననే పంట మాయమగును. ఎమ్మిగనూరు నేతపనివారు దీనిని వెంటనే గ్రహింతురు. మాచాని సోమప్పగారు 1938 లో నెలకొల్పిన చేనేత సహకార సంఘముతో పేరుగాంచిన ఊరది. అచ్చులో ఒక్క పోగు ప్రక్క సందులోనికి జరిగినచో ఆ దోషము ఒక అంగుళముతో పోక బట్ట పొడవునను నడచును. పేరు ఒక గడి జరిగిన క్యాండిళ్ళ వరుసయు అట్టిదే. దినమునకు 375 నిమిషములు, ఐదేసి నిమిషముల క్యాండిళ్ళు 75. ఆ 75 లోను తప్పుండును.

మీ దత్తాంశము ఏ ఆచారముదో తెలిసికొనుటకు ఒక సుళువైన పరీక్ష కలదు. ఒక దినపు మొదటి చీటీని, కడపటి చీటీని చూడుడు. మొదటిది 915, కడపటిది 1525 అయినచో మొదలు పేర్లు. 920, 1530 అయినచో తుది పేర్లు. పంక్తి యొకటి చూచుటకు పట్టు కాలము అరనిమిషము.

గడియారము ఎవరిది యనునది మరియొక విచారము. మా ఊరు తూర్పు రేఖాంశము సుమారు 77 అంశముల పావువద్ద నున్నది. ప్రామాణిక కాలమునకు ఆధారమైనది 82 న్నర అంశము. కావున సూర్యుడు ఆదోని నడినెత్తికి వచ్చునప్పటికి చేతి గడియారము సగటున పండ్రెండు గంటల ఇరువదియొక్క నిమిషములు చూపును. విజయవాడకు గణించిన పంచాంగమును ఇచ్చట వాడు పురోహితుడు సూర్యోదయమునకు సుమారు పదమూడు నిమిషములు చేర్చుకొనును. మద్రాసు–బొంబాయి రైలుమార్గము 1871 లో రాయచూరువద్ద కలిసినప్పటినుండి మా పత్తి బొంబాయి దారి పట్టెను. అప్పటికి ఆదోని మద్రాసు రాజధానిలోని బళ్ళారి జిల్లాలోనిది. మద్రాసు కాలము గ్రీనిచ్‌కు 5 గంటల 21 నిమిషముల 14 సెకండ్లు ముందు. 1906 జనవరి 1 నుండి ప్రామాణిక కాలము వచ్చినను బొంబాయి నగరము, అంతకు 39 నిమిషములు వెనుకబడిన తన సొంత గడియారమును 1955 వరకు విడువలేదు. బొంబాయి వర్తకుని జాబులో “పండ్రెండు గంటలకు ధర యింత” అని యున్నచో, ఏ పండ్రెండు అని ఆదోని వర్తకుడు అడుగవలసియే యుండెను.

ఆ ప్రశ్న నేటికిని తీరలేదు. న్యూయార్కు పత్తి ఫ్యూచర్స్ అచ్చటి కాలమున మధ్యాహ్నము 2 గంటల 20 నిమిషములకు ముగియును. అమెరికా గడియారములు గంట ముందుకు జరిగియుండు దినములలో, అనగా మార్చి రెండవ ఆదివారమునుండి నవంబరు మొదటి ఆదివారమువరకు, అది మనకు రాత్రి 11 గంటల 50 నిమిషములు. శీతకాలమున అదియే ముగింపు మనకు 12 గంటల 50 నిమిషములు. ఆపాటికి మన తేదీ మారినది! న్యూయార్కు సోమవారపు ముగింపు వేసవిలో మన సోమవారమున పడి, చలికాలమున మన మంగళవారమున పడును. “నిన్నటి ముగింపు” అని కోడ్‌లో వ్రాసినవాడు నవంబరునుండి మార్చివరకు వేరొక దినపు ధరను చదువుచుండవచ్చును. సరిగా మన పత్తి రాబడి ముమ్మరముగా నుండు కాలము కూడ అదియే. పైగా ఒక్క యంకెగా చూచినచో 2350 పెద్దది, 50 మిక్కిలి చిన్నది. “రాత్రి పదింటికి పైన, ఒంటిగంటకు లోపల” అను నియమము గీతలేని యంకెలలో ఎన్నడును నెరవేరదు. మన సరుకుల ఎక్స్ఛేంజియగు ఎంసీఎక్స్ కూడ లోహములు, ముడిచమురు మొదలైనవానికి అమెరికా గడియారముననుసరించి ఒక ఋతువున 11 గంటల 30 నిమిషములకు, మరియొక ఋతువున 11 గంటల 55 నిమిషములకు మూయుచున్నది. మనకు గడియారము జరుపుట అలవాటు లేదు. యుద్ధకాలమున 1942 సెప్టెంబరునుండి 1945 అక్టోబరువరకు మాత్రము దేశమంతట ఒక గంట ముందుకు నడిపిరి. ఆ అనుభవము గలవారు ఇప్పుడు అరుదు; అందుచేతనే మన యువకులు ఈ చిక్కును చివరకు గాని తలపరు.

దినములన్నియు ఒక్క తీరున నుండవు. 2021 ఫిబ్రవరి 24 న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి వ్యాపారము ఉదయము 11 గంటల 40 నిమిషముల ప్రాంతమున నిలిచి, సాయంకాలము 3 గంటల 45 నిమిషములకు తిరిగి మొదలై 5 గంటలవరకు నడచినది. వేళ 1515 కు సమానమైనచో అమ్ముమని వ్రాసినవారి నియమమునకు ఆనాడు 1515 అను క్యాండిలే లేదు. సమానమని గాక, సమానమో అధికమో అయినచో అని వ్రాసినవారు తెరచిన వెంటనే బయటపడగలరు. దీపావళి ముహూర్తపు వ్యాపారము 2024 నవంబరు 1 న సాయంకాలము 6 నుండి 7 వరకు, 2025 అక్టోబరు 21 న పగలు 1 గంట 45 నిమిషములనుండి 2 గంటల 45 నిమిషములవరకు జరిగెను. శనివారమున అంగడి మూసియుండునని నమ్మినవారికి 2024 మార్చి 2, మే 18 తేదీల ప్రత్యేక వ్యాపారములు సమాధానము. కొనుగోళ్ళు పలుచగానుండు పత్తి, ఆముదాల కాంట్రాక్టులలో ఇంకొక సంగతి కలదు: ఐదు నిమిషములలో ఒక్క బేరమును కుదరనిచో ఆ క్యాండిల్ పుట్టదు. కావున పది క్యాండిళ్ళు వెనుకకు పోవుట ఏబది నిమిషములు వెనుకకు పోవుట కాదు.

ఇన్ని వింతలను కంఠస్థము చేయుమని నేను చెప్పుట లేదు. నేను మా తమ్ముని కుమారునికి చెప్పినది చిన్న పని. కోడ్ మొదట, యంత్రము చదువని వ్యాఖ్యపంక్తులలో, తెలుగులోనే వ్రాయుమంటిని: ఈ యంకె ఎక్కడినుండి లెక్క, దీని గడులెన్ని, ఇది ఏ ఊరి గడియారము, ఈ పేరు మొదలుదా తుదిదా. వ్రాయునపుడు ఏదో ఒక ప్రశ్నకు చేయి ఆగును, ఆగినచోటనే దోషముండును. అతనికి మూడవదానివద్ద ఆగినది. ధరలు పంపువారిని అడుగగా, వారు ఇచ్చు వేళ మన వేళ కాదనియు, గ్రీనిచ్ వేళకు తానే 5 గంటల 30 నిమిషములు కలుపుకొనవలసియున్నదనియు, ఒక పాత ఫైలులో తాను రెండుసార్లు కలిపియుండెననియు తెలిసెను. పిదప ఒక దినమెల్ల సొమ్ము పెట్టక, ప్రతి క్యాండిల్‌యొక్క తేదీ, వేళ, ధరలను తెరమీద వరుసగా వ్రాయించి, గోడగడియారముతో సరిచూచుకొనెను.

మరునాడు నేను యార్డు గేటువద్ద నుండగా ఫోను వచ్చినది. ఆనాటి సంకేతము 10 గంటల 50 నిమిషములకు వచ్చినదట. యంత్రము దానిని 650 నిమిషములుగా మార్చి, పది కలిపి, 660 ని 1100 గా తిరిగి వ్రాసికొన్నదట. “పెదనాయనా, సరిగ్గా పదకొండుకు అమ్మింది” అని అతడనెను. లాభమా నష్టమా యని నేనడుగలేదు, అతడును చెప్పలేదు.